సుహైల్ ఎవరు?

మొన్న ఒక కాలేజీలో, నా వృత్తిలోకి రాబోతున్న పిల్లలతో కాసేపు మాట్లాడమని పిలిచారు. రిటైరయినవాళ్ళను పిలిచేది రెండింటికే. దీపం వెలిగించడానికి, పాత కబుర్లు చెప్పడానికి. దీపం వెలిగించాను. కబుర్ల దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒక అమ్మాయి లేచి, "మేడం, మీరు మర్చిపోలేని కేసు ఏది?" అని అడిగింది. బయట భోజనాల వాసన వస్తోంది. పిల్లల ముఖాల్లో ఆకలి కనిపిస్తోంది. ఏదో చిన్నది చెప్పి ముగించేశాను. ఆ అమ్మాయికి చెప్పాల్సింది అది కాదు, ఇది.

నేను స్పీచ్ థెరపిస్టుని. మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పడం నా పని. గచ్చిబౌలి దాటి పుప్పాలగూడ వైపు వెళ్ళే దారిలో, అద్దాల ఆఫీసుల మధ్య ఇరుక్కున్న ఒక పునరావాస కేంద్రంలో నా ఉద్యోగం చివరి సంవత్సరాలు గడిచాయి. పక్షవాతం వచ్చి, పెద్దాసుపత్రిలో గండం గడిచినవాళ్ళు నడక కోసం, చేతి పట్టు కోసం, మాట కోసం మా దగ్గరికి వచ్చేవాళ్ళు. నడక నేర్పే ఫిజియోథెరపిస్టుదీ నాదీ పక్కపక్క గదులు. ఆయన పాతబస్తీ మనిషి, భారీ విగ్రహం. రోగిని లేపి నిలబెట్టేటప్పుడు, "ఫికర్ చేయకుండ్రి, నేనున్న గద. పడితే నా మీదనే పడుతరు, దూదిపరుపు లెక్క ఉంటది" అనేవాడు. భయంతో బిగుసుకుపోయినవాళ్ళు కూడా ఆ మాటకు నవ్వి అడుగు వేసేవాళ్ళు. ఆయన దగ్గర నవ్వి వచ్చినవాళ్ళతో నా పని సులువయ్యేది.

ఒక చలికాలంలో మా దగ్గరికి ఒక నర్సు వచ్చింది. నర్సుగా కాదు, రోగిగా. నలభై దాటిన వయసు. మియాపూర్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ, డ్యూటీలోనే పక్షవాతం వచ్చి కుప్పకూలింది. ఎడమవైపు మెదడుకు దెబ్బ తగిలింది కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట పోయాయి. భర్త హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగి. ఇద్దరిదీ కోస్తా వైపు, క్రైస్తవ కుటుంబాలు. పెళ్ళికి ముందు ఆమె కొన్నేళ్ళు గల్ఫ్‌లో నర్సుగా పనిచేసిందని ఆయనే చెప్పాడు. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

మొదటి రోజు ఆమె ముందు గ్లాసు పెట్టి, "ఇదేంటమ్మా?" అన్నాను.

ఆమె గ్లాసును చూసింది. పెదవులు కూడదీసుకుంది. "సుహైల్" అంది.

పెన్ను చూపించాను. "సుహైల్." గోడ మీద గడియారం చూపించాను. "సుహైల్." తప్పు పలికానని ఆమెకు తెలుస్తోంది. తల విదిలించి, గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్ళీ ప్రయత్నించేది. మళ్ళీ అదే వచ్చేది. కానీ ఆ ఒక్క మాటలో రాగాలెన్నో! దాహమేస్తే ఒక రాగం, వద్దనడానికి ఒకటి. భర్త చొక్కా గుండీ తప్పు పెట్టుకుని వస్తే, వేలు చూపించి వెక్కిరించడానికి ఇంకొకటి.

ఇది మా పనిలో అరుదేం కాదు. మాటల సంచీ అంతా ఒలికిపోయి, అడుగున ఒక్కటి అతుక్కుని మిగిలిపోతుంది కొందరికి. నా దగ్గరికి ఒక బస్సు కండక్టరు వచ్చేవాడు. ఆయనకు మిగిలిన మాట "టికెట్". కొడుకును ముద్దు చేసినా టికెట్టే, డాక్టరును తిట్టినా టికెట్టే. ఇంకొకాయనకు "అదే, అదే" మాత్రం మిగిలింది. ఆ మాట ఎందుకు మిగిలిందో ఎవరికీ తెలియదు. దాన్ని పట్టుకుని వేలాడకుండా, మెల్లగా పక్కకు తప్పించి కొత్త మాటలకు చోటు చెయ్యాలి. మేం చదువుకున్నది అదే. భర్తకు అదే చెప్పాను.

"దానికి అర్థం వెతక్కండి. అది రికార్డు ఇరుక్కుపోయినట్టు అన్నమాట. ఆమె ఆ మాట అన్నప్పుడు మీరు కంగారుపడి జవాబు చెప్పకండి. ఏం కావాలో చేత్తో చూపించమనండి."

ఆయన సరేనండి అన్నాడు. రోజూ ఆమెను చక్రాల కుర్చీలో తోసుకుని వచ్చేవాడు. ఆమె నా గదిలో ఉన్నంతసేపూ బయట బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేసుకునేవాడు. మీటింగులో ఎవరో అరుస్తుంటే ఓపిగ్గా వింటూనే, తలుపు సందులోంచి ఆమెను చూస్తుండేవాడు. ఆమె జడ ఆయనే వేసేవాడు. మొదట్లో అది తాడులా ఉండేది, పోనుపోను జడలా తయారైంది.

ఆయనతోపాటు అప్పుడప్పుడు వాళ్ళ అక్క వచ్చేది. తమ్ముడి ఇంట్లో సాయంగా ఉండడానికి ఊరి నుంచి వచ్చిన మనిషి. వంట, బట్టలు అన్నీ ఆవిడే చూసుకునేది. ఒకరోజు నన్ను కారిడార్లో ఆపింది.

"అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు. మీకు తెలీదని కాదు. ఆ సుహైలు అనేది మనిషి పేరండి."

"అదొక శబ్దం అమ్మా. మాట ఇరుక్కుపోయిందంతే."

"అన్ని మాటలుండగా అదే ఎందుకు ఇరుక్కోవాలండి? మా తమ్ముడు ఒళ్ళు తుడుస్తున్నాడు, అన్నం పెడుతున్నాడు. దీని నోటినుంచి ఎవడో మగాడి పేరు! చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళకి వినిపిస్తోంది. నేనేం చెప్పుకోను?"

ఆవిడ చెడ్డ మనిషి కాదు. తమ్ముడి కోసం బాధపడుతోంది. కానీ బాధ నోట్లో ఎక్కువసేపు ఆగదు కదా. నాకు చెప్పినది తమ్ముడికి అంతకుముందే చెప్పిందని కొన్నాళ్ళకు తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఆమె ఫిజియో దగ్గర ఉండగా భర్త నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కూర్చున్నాడు. టేబుల్ మీది బొమ్మల కార్డులు తీసి ఒకటొకటిగా చూశాడు. అరటిపండు, గొడుగు, కోడిపెట్ట.

"మేడం, మనసులో లోతుగా ఉన్నదే మిగులుతుందాండి?" అన్నాడు చివరికి.

"అలాగని ఎక్కడా లేదు. బస్సు కండక్టరు మనసులో టికెట్లుంటాయా చెప్పండి?"

ఆయన నవ్వలేదు. "ఇన్నాళ్ళలో నా పేరు ఒక్కసారి కూడా రాలేదండి."

"ఇదివరకు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవారా?"

ఆలోచించాడు. ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "లేదండి. ఏమండీ అనేది."

"ఎప్పుడూ పలకని పేరు ఇప్పుడెక్కడి నుంచి వస్తుందండీ!"

అప్పుడు కొంచెం నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే అసలు సంగతి బయటపెట్టాడు. ఆమె పనిచేసే ఆసుపత్రి ఫార్మసీలో ఆ పేరుగల మనిషి ఒకాయన ఉన్నాడట. ఈయన వెళ్ళి చూసి వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన. సిస్టరుకు బాగాలేదని వినగానే కమలాపళ్ళు పట్టుకుని వాళ్ళ ఇంటికొచ్చి పలకరించాడు. ఆమె ఆయన్ని అందరినీ చూసినట్టే చూసింది, ఎడమ చేత్తో కుర్చీ చూపించింది.

"ఆయన కాదని తెలిసిపోయిందండి. అయితే గల్ఫ్‌లో ఎవరో అయ్యుంటారని మా అక్క అంటుంది. పెళ్ళికి ముందు సంగతి. నాకు కోపం లేదండి, నిజంగా. తెలిస్తే చాలు. మీరు అడగండి, అతనెవరో. అవును కాదు అని తలైనా ఊపుతుంది కదా."

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. మొదటి వారంలో నేనే ఆయనకు చెప్పాను, ఇలాంటి రోగుల తల ఊపును నమ్మకూడదని. చెప్పడమే కాదు, చూపించాను కూడా. "మీరు మగవాళ్ళా?" అని ఆమెను అడిగితే ఆమె గంభీరంగా అవునని తల ఊపింది. మేమిద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆయన మాట కాదనలేక ఆమెను అడిగాను. "సుహైల్ అంటే మనిషా అమ్మా?" ఆమె కాదని గట్టిగా తల అడ్డంగా ఊపింది. మళ్ళీ మళ్ళీ ఊపింది. భర్త నా వైపు చూశాడు. ఆ ఊపును నమ్మాలో వద్దో చెప్పమని ఆ చూపు. ఆమెకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని చెల్లదని ముందే కొట్టేసినది నేనే.

ఆ తర్వాత ఆయన రాక తగ్గలేదు గానీ మనిషి తగ్గిపోయాడు. జడ వేసేవాడు, మాట్లాడేవాడు కాదు. ఒకరోజు ఇంటికి బయలుదేరుతూ ఆమె కాలికి బూటు తొడుగుతున్నాడు. పక్షవాతం వచ్చిన కాలు మొండికేస్తుంది, మడమ లోపలికి దిగదు. ఫోన్లో ఆఫీసువాళ్ళు పిలుస్తున్నారు. ఆయన ఆ కాలు పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు. ఆమె వంగి, ఎడమ చెయ్యి ఆయన తల మీద పెట్టి నిమిరింది.

"సుహైల్" అంది మెల్లగా. "సుహైల్... సుహైల్..."

ఆయన ఆ చేతిని విసిరికొట్టాడు. లేచి వెళ్ళిపోయాడు. ఆమె చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఫిజియో పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఆ బూటు తొడిగాడు. ఆయన ఆ రోజు జోకు వెయ్యలేదు.

మరునాటి నుంచి ఆమెను అక్క తీసుకురావడం మొదలుపెట్టింది. వచ్చిన మూడో నాలుగో రోజున నెల చివరికల్లా మానిపిస్తామని చెప్పింది. "ఈ అమ్మాయి వాళ్ళ అన్నయ్య ఊళ్ళో ఉన్నాడండి. అక్కడికి పంపించేద్దామనుకుంటున్నాం. కొన్నాళ్ళు అక్కడుంటే అందరికీ మంచిది." ఆ ఊళ్ళో నడక నేర్పేవాళ్ళు లేరు, మాట నేర్పేవాళ్ళు అసలే లేరు. మొదటి ఆరేడు నెలల్లో రానిది తర్వాత రావడం కష్టం. ఆమె అంతా వింటూ కిటికీ వైపు చూస్తోంది. మాట రాదు గానీ చెవులు బాగానే పనిచేస్తాయి ఆమెకు.

ఆ సాయంత్రం ఫిజియో నా గదికొచ్చాడు. "మేడం, గట్ల పంపిస్తె ఆమె ఇగ లేవదు. మీరు జర ఆయనతోని మాట్లాడుండ్రి. నా మాటయితే ఇనడు. నాది గూడ ముసల్మాను పేరే గద, ఇంటెనే మొగం తిప్పుకుంటుండు."

నేను భర్తకు ఫోన్ చేశాను. సంజాయిషీ అడగలేదు. మానిపించే ముందు ఒక్కసారి వచ్చి ఆమె ఎంత నడుస్తోందో చూసి వెళ్ళమన్నాను.

మార్చి మొదలు. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. ఆయన ఆఫీసు నుంచి నేరుగా, మెడలో ఐడీ కార్డుతోనే వచ్చాడు. కింద వ్యాయామశాల కిటకిటలాడుతోంది కాబట్టి ఫిజియో ఆమెను టెర్రస్ మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ గాలి బాగుంటుంది, నడవడానికి చోటుంటుంది. మేమిద్దరం లిఫ్టులో పైకి వెళ్ళాం. లిఫ్టులో ఆయన నాతో ఒకటే అన్నాడు. "నేను రాకపోయుంటే బాగుండేదేమోనండి."

చీకటి పడుతోంది. చుట్టూ ఆఫీసు టవర్లలో దీపాలు వెలిగాయి. ఫిజియో ఆమె నడుముకు బెల్టు కట్టి వెనక పట్టుకున్నాడు. ఆమె ఎడమ చేతిలో కర్ర. కుడి కాలు ఈడుస్తూ, ఆగుతూ, దక్షిణం వైపు పిట్టగోడ దాకా నడిచింది. భర్త నిలబడి చూశాడు. తను రాని ఆ కొద్దిరోజుల్లోనే ఆమె అంత దూరం నడవగలిగిందన్నమాట. అది ఆయన ముఖంలో కనిపించింది.

గోడ దగ్గర ఆమె ఒక్కసారిగా ఆగిపోయింది. కర్రను గోడకు ఆనించింది. ఎడమ చెయ్యెత్తి ముందుకు చూపించింది.

"సుహైల్!"

అది ఇంతకుముందు విన్న ఏ రాగమూ కాదు. ఎదురుచూస్తున్న చుట్టం గుమ్మంలో కనిపిస్తే వచ్చే గొంతు.

భర్త ఆ వేలు చూపించిన వైపు చూశాడు. ఎదురుగా అద్దాల టవరు. ఆయన గోడ మీదికి వంగాడు. "ఆ బిల్డింగులో ఉంటాడా?"

ఆమె కాదని తల ఊపి, చెయ్యి ఇంకాస్త పైకెత్తింది. రెండు టవర్ల మధ్య ఖాళీలో ఒక విమానం దీపాలు మిణుకుమంటూ శంషాబాద్ వైపు దిగుతోంది. "విమానమా? గల్ఫ్ వెళ్ళాలా నీకు?" అన్నాడాయన. అంత అలసిన గొంతు నేను అంతకుముందు వినలేదు.

ఆమెకు కోపం వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పడిపోతానన్న భయం కూడా లేకుండా ఒక అడుగు పక్కకు వేసి, భర్త గడ్డం పట్టుకుని ముఖం తిప్పింది. పెంకితనం చేసే పిల్లాడికి మందు పోసే నర్సులా. విమానం వెళ్ళిపోయింది. అది వెళ్ళిపోయినా అక్కడ ఒక దీపం మిగిలింది. కదలడం లేదు. దక్షిణాన, టవర్ల నడుమ, తెల్లగా, నిబ్బరంగా ఒక పెద్ద చుక్క.

ఆయన చాలాసేపు చూశాడు. "అది..." అన్నాడు. "అది అగస్త్యుడు కదా."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"మా నాన్న చూపించేవాడు" అన్నాడు మాతో. "పొలానికి నీళ్ళు కట్టడానికి తెల్లవారుజామున వెళ్ళేవాళ్ళం. భాద్రపదం ముందు ఆ చుక్క పొడిచిందంటే వరద మట్టి అడుగుకు దిగి కాలవ నీళ్ళు తేటపడతాయనేవాడు. అగస్త్యుడంటే అదే. నాకు తెలుసు."

"కాదు" అంది ఆమె.

మేం ముగ్గురం ఒక్కసారి ఆమె వైపు చూశాం. వచ్చిన రోజు నుంచి ఆమె నోట ఆ ఒక్క మాట తప్ప ఇంకొకటి రాలేదు. నేను గీసిన బొమ్మలకు రాలేదు, పాడిన పాటలకు రాలేదు.

"ఏమన్నావ్?" అన్నాడు భర్త.

"కాదు. సుహైల్."

"అగస్త్యుడే. మా ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

"కాదు!" కర్రతో నేలను కొట్టింది. "సుహైల్!"

ఫిజియో ఇక ఆపుకోలేకపోయాడు. "అరె, ఇద్దరిదీ కరెక్టే! చుక్క ఒకటే, పేర్లు రెండు. మా ఇంట్ల గూడ దాన్ని సుహైలే అంటరు. మా అక్క కొడుక్కి ఆ చుక్క పేరే పెట్టిండ్రు. ఇన్ని దినాలసంది ఇంటున్న మేడం, పోరడు యాదికొచ్చిండు గని చుక్క యాదికి రాలే నాకు!"

ఆమె గెలిచినట్టు తల ఎగరేసింది. భర్త నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ పిట్టగోడ పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. జబ్బు చేసినప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్య అదే మొదటి తగవు. భార్యాభర్తల తగవు నాకంత సంతోషం ఎప్పుడూ ఇవ్వలేదు.

కిందికి వచ్చాక, ఆ చుక్క ఆమెకు ఎందుకంత ముఖ్యమైందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. గల్ఫ్‌లో ఆమెతోపాటు పనిచేసిన స్నేహితురాలు ఒకామె ఇప్పుడు మూసాపేటలో ఉంటోందని, ఆమె నంబరు భార్య ఫోన్లోనే ఉందని భర్త చెప్పాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఫోన్ చెయ్యలేదు?"

"ఏం చెబుతుందోనని భయమేసిందండి."

నా గదిలోనే స్పీకరు పెట్టి చేశాడు. భార్య పక్కనే కూర్చుంది. అవతలి ఆమెకు సంగతి చెబితే మొదట పెద్దగా నవ్వింది, తర్వాత గొంతు మారింది.

"అయ్యో అన్నయ్యగారూ, సుహైల్ అంటే చుక్కండి! అక్కడి ఎండ మనం పడే ఎండ కాదండి, నిప్పుల్లో నిలబడ్డట్టుంటుంది. నైట్ డ్యూటీ దిగి హాస్టల్ మేడ మీదికెళ్ళి చూసేవాళ్ళం. తెల్లారకముందు సుహైల్ పొడిచిందంటే ఎండ విరిగిపోతుందని అక్కడ చిన్నపిల్లల్నడిగినా చెప్తారు. మా వార్డులో ముసలమ్మలు నొప్పులకి ఏడుస్తుంటే, వాళ్ళ భాష మాకేమొచ్చు? మీ ఆవిడే కనిపెట్టింది. వెళ్ళి చెయ్యి పట్టుకుని 'సుహైల్, సుహైల్' అనేది. కొంచెం ఓర్చుకో, అయిపోవచ్చింది అని. వాళ్ళు ఏడుపు ఆపి నవ్వేవాళ్ళు. తర్వాత మాలో మాకూ అదే అలవాటైపోయింది. ఎవరికి ఇంటి మీద బెంగొచ్చినా ఇది వెళ్ళి తల నిమిరి ఆ మాట అనేది."

ఫోన్ పెట్టేశాక ఆయన తన తల మీద చెయ్యి పెట్టుకున్నాడు, బూటు తొడుగుతున్నప్పుడు ఆమె నిమిరిన చోట.

"నేను విసిరికొట్టాను కదండీ" అన్నాడు.

ఆమె ఎడమ చెయ్యి చాపింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని ముఖానికి ఆనించుకున్నాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. థెరపిస్టు గదిలో ఉండకూడని సమయాలు కొన్ని ఉంటాయి. అవి పుస్తకాల్లో రాయరు.

కారిడార్లో ఫిజియో నిలబడి ఉన్నాడు. ఆ రెండు పేర్ల గురించి మాట్లాడుకున్నాం. అగస్త్యుడంటే, వింధ్య పర్వతం ఎత్తు పెరిగి దారికి అడ్డొస్తే, నేను తిరిగొచ్చేదాకా తల వంచి ఉండమని చెప్పి దక్షిణానికి వెళ్ళి, మరి తిరిగి రాని ముని పేరు అని నేను చెప్పాను. ఆయన ఆసక్తిగా విని, "పాపం ఆ గుట్ట ఇంక గట్లనే వంగి ఉన్నదా మేడం?" అన్నాడు. ఉందన్నాను. "దానికి గూడ ఎవరన్న ఫిజియోని పంపియ్యాలె" అన్నాడు. జోకులు తిరిగొచ్చాయి ఆయనకు.

పిల్లలూ, ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ ఓదార్పుగానే అందని నేను అనను. గ్లాసు చూపించినప్పుడు ఆమె అనాలనుకున్నది గ్లాసనే. అప్పుడు అది ఇరుక్కుపోయిన మాటే. భర్త తల మీద చెయ్యి పెట్టినప్పుడు మాత్రం అది కాదు. ఒకే మాట కొన్నిసార్లు ఖాళీగా, కొన్నిసార్లు నిండుగా వస్తుంది. ఎప్పుడు ఏదో మన చదువు ఇంకా తేల్చలేదు. తేల్చేదాకా మాటను మాత్రమే కాదు, ఆ మాటతోపాటు చెయ్యి ఎక్కడికి వెళుతోందో కూడా చూడండి.

ఊరికి పంపే మాట మళ్ళీ రాలేదు. అక్క మరునాడు నా దగ్గరికొచ్చి, తిట్టమన్నట్టు నిలబడింది. ఎందుకు తిడతాను? "కాదు" అనే మాటతో రోజూ ఇంట్లో ఎలా మాట్లాడించాలో ఆవిడకే నేర్పాను. ఆవిడంత శ్రద్ధగా నా పాఠం చేసినవాళ్ళు తక్కువ. "ఇది చింతపండా మరదలా?" అని ఉప్పు డబ్బా చూపిస్తుందట. "కాదు" అని ఆమె అరుస్తుందట. ఆ పట్టు మీద "నీళ్ళు" వచ్చింది, "చాలు" వచ్చింది, వేసవి చివరికి రెండేసి మాటలు కలిపి అనడం వచ్చింది. అంతకుమించి పెద్దగా రాలేదు. కుడి చెయ్యి తిరిగి రాలేదు. నర్సు ఉద్యోగం పోయింది. మందులాంటి కథలు కొన్నుంటాయి, తాగితే అన్నీ తగ్గిపోతాయి. ఇది అలాంటిది కాదు.

చివరి రోజు ఆమె కర్ర పట్టుకుని తనంతట తనే నడిచి వచ్చింది. భర్త రెండడుగులు వెనక. నాకు నమస్కారం పెట్టి, ఫిజియో భుజం తట్టి, ఇద్దరూ బయటికి బయలుదేరారు. హాల్లో ఆ రోజే వచ్చిన ఒక కుటుంబం కూర్చుని ఉంది. చక్రాల కుర్చీలో ఒక యువకుడు, తల పక్కకు వాలిపోయి ఉంది. పక్కన అతని భార్య. చేతిలో ఎక్స్‌రేల కవరు, ఎవరినీ చూడకుండా ఏడుస్తోంది. అందరూ ఆ అమ్మాయి ఏడుపు కనిపించనట్టు ఫోన్లలోకి చూసుకుంటున్నారు.

ఆమె ఆగింది. కర్ర భర్త చేతికిచ్చింది. ఆ అమ్మాయి పక్కన మెల్లగా కూర్చుని, చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఆమెకు వేరే మాటలు కూడా వచ్చు. కాసేపు వెతుక్కుంది కూడా, పెదవులు కదిలాయి. తర్వాత ఆ వెతుకులాట మానేసింది.

"సుహైల్" అంది.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని తికమకగా మా అందరినీ చూసింది. "ఏమంటున్నరు ఆంటీ? నాకు సమజ్ కాలేదు."

నేను నోరు తెరిచేలోపు భర్త ముందుకు వంగాడు.

"ఎండలు తగ్గిపోతాయంటోందమ్మా" అన్నాడు.